రాఫెల్స్ ప్లేస్‌లో జుమా వేళ

శుక్రవారం పన్నెండున్నర దాటాక సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసుల నుంచి బయటపడ్డ జనం రెండు పాయలవుతారు. పెద్ద పాయ తిండి వైపు పోతుంది, లావ్ పా సాట్ ఆహారశాలకో నది ఒడ్డున బోట్ కీ వైపో. చిన్న పాయ యూఓబీ ప్లాజా దగ్గర ఆగి నేల కిందికి దిగే మెట్లు పడుతుంది. మెడలో ఆఫీసు ట్యాగు వేలాడుతుండగా చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుంటున్న కుర్రాళ్లు, సరుకు బళ్ల డ్రైవర్లు, కట్టుబడి పని నుంచి నేరుగా వచ్చిన బంగ్లాదేశీలు, జేబులోంచి టోపీ తీసి దులిపి పెట్టుకునే మలయ్ పెద్దలు. పైన 280 మీటర్ల బ్యాంకు టవరు, కింద మసీదు. సింగపూర్ మొత్తంలో భూమి లోపల ఉన్న మసీదు ఇదొక్కటే. పేరు మస్జిద్ మౌలానా మొహమ్మద్ అలీ.

అజాన్ మాత్రం వీధిలోకి వినపడదు. 1970లలోనే ఇక్కడి మసీదుల లౌడ్‌స్పీకర్లను లోపలి వైపుకు తిప్పేశారు. బయట ఉన్నవాళ్ల కోసం మలయ్ రేడియోలో అజాన్ వేస్తారు. ఇప్పుడు ప్రతివాళ్ల ఫోన్‌లోనూ నమాజు వేళల పట్టిక ఉంటుంది. భూమధ్యరేఖకు ఇంత దగ్గర కాబట్టి ఆ పట్టిక ఏడాది పొడుగునా పెద్దగా కదలదు. మధ్యాహ్నపు జుహర్ ఎప్పుడూ ఒంటిగంట అటూఇటూ, పొద్దుగూకాక చదివే మగ్రిబ్ ఎప్పుడూ ఏడు అటూఇటూ. డిసెంబరులో ఆరు కాకముందే మగ్రిబ్, జూన్‌లో ఏడుకు దగ్గరపడే మగ్రిబ్ చూసి పెరిగిన నాకు ఇది కొత్తగా ఉంది.

మాది ఉమ్మడి గుంటూరు జిల్లా నూర్‌బాషా కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజులో సూరాలు అరబ్బీ, ఏడుపు తెలుగు, దువా తెలుగు. మా చెల్లెలి కొడుకు ఇక్కడ ఒక బ్యాంకులో పని చేస్తాడు. వాడి దగ్గరికి వచ్చాను. ఆ శుక్రవారం నన్ను వెంటబెట్టుకొచ్చి, యూఓబీ ప్లాజాలో డాలీ చేసిన న్యూటన్ విగ్రహం దగ్గర కూర్చోబెట్టి, “పెద్దమ్మా, ముప్పావుగంటలో వచ్చేస్తా. రెండింటికి నాకు మీటింగ్ ఉంది” అని చెప్పి మెట్లు దిగిపోయాడు. శుక్రవారపు జుమా నమాజు ఆడవాళ్ల మీద ఫర్జ్ (తప్పనిసరి విధి) కాదు. పిల్లల మీద, రోగుల మీద, ప్రయాణికుల మీద కూడా కాదు. నేను బయట కూర్చుని చూస్తూ ఉండిపోయాను.

నిజంగానే రెండు కాకముందే వచ్చేశాడు. వాడితో పాటు అందరూ పైకి వచ్చి, అదే వేగంతో ఆఫీసుల్లోకి వెళ్లిపోయారు. నమాజుకు ముందు వజూ చేసి కడుక్కున్న తడి ఆరని ముంగురులతో లిఫ్టుల ముందు నిలబడ్డారు. ఆ దృశ్యం చూస్తుంటే జుమా గురించి ఖురాన్ 62వ సూరాలో పక్కపక్కనే ఉన్న రెండు ఆయతులు నాకు మొదటిసారి ఒకటిగా కనిపించాయి. తొమ్మిదో ఆయత్, జుమా పిలుపు వినగానే క్రయవిక్రయాలు ఆపి రమ్మంటుంది. పదో ఆయత్, నమాజు కాగానే భూమ్మీద చెదిరిపోయి అల్లాహ్ అనుగ్రహాన్ని వెతుక్కోమంటుంది. అంటే పనికి పొమ్మనే. బేరం ఆపమన్నదీ, మళ్లీ బేరానికి పొమ్మన్నదీ ఒకే చోట ఉన్నాయి. శుక్రవారం సెలవు పెట్టాలని ఎక్కడా లేదు. మా ఊళ్లో మసీదు మైకులో తొమ్మిదో ఆయత్ మీద బయాన్ చిన్నప్పటి నుంచీ విన్నాను. పదో ఆయత్ మీద ఎవరైనా అంతసేపు మాట్లాడగా విన్నట్టు గుర్తు లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆజ్ఞలు మనకు బాగా నేర్పారు. ఆ ఆజ్ఞల్లోనే కలిసి వచ్చే సడలింపులు అంత బాగా నేర్పలేదు. ప్రయాణికుడు నాలుగు రకాతుల నమాజును రెండుగా చదవచ్చు. రోగి రోజాను (ఉపవాసాన్ని) తర్వాతకు వాయిదా వేసుకోవచ్చు, కోలుకునే ఆశ లేని జబ్బయితే ఒక్కో రోజాకు ఒక్కో పేదవాడికి అన్నం పెట్టి తీర్చుకోవచ్చు. వజూకు నీళ్లు దొరక్కపోతే శుభ్రమైన మట్టితో తయమ్ముమ్ చేయచ్చు. నిలబడలేనివాళ్లు కూర్చుని, కూర్చోలేనివాళ్లు పడుకుని నమాజు చదవచ్చు. ఇవేవీ దొడ్డిదారులు కావు. ఆజ్ఞ ఇచ్చినవాడే ఇచ్చాడు వీటినీ.

మా అమ్మకు షుగర్ ఉండేది. ఇన్సులిన్ మీద ఉన్న మనిషి. రంజాన్ వస్తే ఆ ముప్ఫై రోజాలూ ఉండాల్సిందే అనేది. డాక్టరు వద్దన్నాడు. ఇంట్లో అందరం వద్దన్నాం. “అల్లాహ్ ముందు నన్ను దొంగను చేస్తారా?” అని ఎదురడిగేది. రెండో సూరా 185వ ఆయత్‌లో రోజాల ఆజ్ఞ ఉన్నచోటే రోగులకు, ప్రయాణికులకు వెసులుబాటు కూడా ఉంది. ఆ ఆజ్ఞను అమ్మకు చెప్పినవాళ్లెవరూ ఈ వెసులుబాటు చెప్పలేదు. ఒక రంజాన్ మధ్యాహ్నం వంటింట్లో పడిపోయింది. పెదాలు పాలిపోయి, ఒళ్లంతా చెమట. నోట్లో చక్కెర వేద్దామంటే స్పృహ లేకపోయినా పళ్లు బిగించింది. ఆ పళ్ల బిగువు నా చేతి వేళ్లకు ఇప్పటికీ తెలుసు. సింగపూర్‌లో మధుమేహం ఉన్న ముస్లింలకు రంజాన్‌కు ముందే డాక్టర్లు పరీక్షలు చేసి, ఎవరు ఉండచ్చో ఎవరు ఉండకూడదో చెబుతారనీ, మసీదుల్లోనూ ఆ మాటే చెబుతారనీ మా చెల్లెలి కొడుకు స్నేహితులు చెప్పినప్పుడు నాకు సంతోషమూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

ఈ దేశంలో ఇలాంటి విషయాలు చూసే సంస్థ పేరు ముయిస్. 1966లో చేసిన ముస్లిం చట్ట పరిపాలన శాసనం కింద 1968లో ఏర్పడింది. దాదాపు 70 మసీదులు, జకాత్ వసూలు, హజ్ ఏర్పాట్లు, హలాల్ సర్టిఫికెట్లు, ఫత్వా కమిటీ అన్నీ దాని కింద ఉన్నాయి. జుమా ఖుత్బా (ప్రసంగం) పాఠాన్ని కూడా అదే తయారు చేసి ముందుగా అందరికీ అందుబాటులో పెడుతుంది. ఒకే చోట అధికారం ఇంతగా పోగుపడటం నాకు పూర్తిగా నచ్చలేదు. ఇమాం తన మనసులో మాట చెప్పే వీలు తగ్గిపోతుంది. కానీ ఒక ప్రశ్న అడిగితే జవాబు ఎక్కడ దొరుకుతుందో ఇక్కడ ప్రతి ముస్లింకూ తెలుసు. మన దగ్గర పక్క వీధి మసీదులో హరాం అన్నది ఈ వీధి మసీదులో జాయిజ్, రెండూ తెలియనివాడు ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల మాట వింటాడు.

రాఫెల్స్ ప్లేస్ మసీదు పేరు దగ్గరికి వస్తాను. మౌలానా మొహమ్మద్ అలీ అన్న పేరు చదవగానే ఆంధ్రదేశం వాళ్లకు కాకినాడ గుర్తు రావాలి. 1923 డిసెంబరులో కాకినాడలో జరిగిన కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షుడు రాంపూర్‌కు చెందిన మౌలానా మొహమ్మద్ అలీ, ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు, ‘కామ్రేడ్’ పత్రిక నడిపినవాడు. 1931 జనవరిలో లండన్‌లో చనిపోయాడు, జెరూసలేంలో ఖననం చేశారు. అదే కాకినాడ సభల ఖద్దరు ప్రదర్శనలో టిక్కెట్టు లేదని నెహ్రూను ఆపిన చిన్నపిల్ల దుర్గాబాయి కథ మనందరికీ తెలుసు. దాని పక్కనే ఇంకో కథ ఉంది. సభలో విష్ణు దిగంబర్ పాలుస్కర్ వందేమాతరం పాడటానికి లేస్తే, తన మతంలో సంగీతం నిషిద్ధమని అధ్యక్షుడు అభ్యంతరం చెప్పాడట. ఇది జాతీయ సభ, మసీదు కాదు అని బదులిచ్చి పాలుస్కర్ పాట పూర్తి చేశాడట.

ఈ కథను ఇవాళ ఒక్కొక్కరు ఒక్కో అవసరానికి వాడుకుంటున్నారు. నాకు దాంట్లో కనపడేది మతశాసనం గురించిన అసలు ప్రశ్న. సంగీతం విషయంలో ముస్లిం పండితుల మధ్య ఏకాభిప్రాయం ఏనాడూ లేదు. వాయిద్యాలను కూడదన్నవాళ్లు చాలామంది, కొన్ని షరతులతో ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు. కడప పెద్ద దర్గాలో ఉరుసుకు కవ్వాలీ లేకుండా ఉండదు. మన పల్లెల్లో డప్పు లేని పీర్ల పండుగ ఎవరు చూశారు? మౌలానా తాను నమ్మినదాన్ని తాను పాటించడం ఆయన హక్కు. పాట అయ్యేదాకా బయటికి వెళ్లి నిలబడితే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. కానీ శాసనం నమ్మినవాడి మెడకు తగిలేదే గాని సభంతటి మెడకూ కాదు. రాఫెల్స్ ప్లేస్‌లో ఆ శుక్రవారం కాఫీ కొట్లు మూయలేదు, కరెన్సీ మార్పిడి ఆగలేదు. నమాజుకు దిగాల్సినవాళ్లు దిగారు. ఎవరి విశ్వాసానికీ వెలితి పడలేదు.

సోమవారం నాడు సాయంత్రపు అసర్ నమాజుకు నేను కూడా కిందికి దిగాను. నన్ను తీసుకెళ్లింది మావాడి ఆఫీసులో పని చేసే మలయ్ అమ్మాయి. పెద్ద ఆడవాళ్లను వాళ్ల భాషలో మక్‌చిక్ అంటారు. “రండి మక్‌చిక్” అని నా చేయి పట్టుకుని మెట్లు దింపింది. నాకు అరవై దాటాయి. అప్పటిదాకా నేను జమాత్‌తో నమాజు చదవలేదు. మా ఊరి మసీదు మా ఇంటికి నాలుగు అడుగుల దూరం. దాని గడప లోపల ఎలా ఉంటుందో నేను చూడలేదు. ఈద్‌కు మగవాళ్లు అత్తరు పూసుకుని ఈద్గాకు పోతే మేము సేమ్యా పాయసం కలుపుతూ ఉండేవాళ్లం. ఆడవాళ్లు మసీదుకు పోకూడదు, అది హరాం అనే అనుకున్నాను ఎన్నో ఏళ్లు.

హరాం కాదు. ఆడవాళ్లను మసీదులకు వెళ్లకుండా ఆపవద్దని ప్రవక్త చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉంది. ప్రవక్త మసీదులో ఆడవాళ్లు వెనక వరసల్లో నమాజు చదివేవాళ్లు. తర్వాతి కాలపు పండితులు, మేము పాటించే హనఫీ మజ్‌హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) వాళ్లు, ఫిత్నా (అలజడి) భయం పేరుతో వద్దనడం మొదలుపెట్టారు, అది మన దేశంలో ఆచారంగా గట్టిపడింది. షాఫయీ మజ్‌హబ్ పాటించే మలయ్ సమాజంలో అలా కాలేదు. మన దేశంలో కూడా పుణె దంపతులు వేసిన కేసులో, ఆడవాళ్లు మసీదులోకి వచ్చి నమాజు చదవడానికి ఇస్లాంలో అభ్యంతరం లేదని అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డే 2020 జనవరిలో సుప్రీం కోర్టుకు రాసి ఇచ్చింది. ఆ మాట మా ఊరి మసీదు గేటు దాకా ఇంకా రాలేదు.

ఆ సాయంత్రం ఆడవాళ్ల వరసలో నా పక్కన ఎవరు నిలబడ్డారో నాకు తెలియదు. భుజం భుజానికి తగిలేలా నిలబడ్డాం. అందరూ తెల్లటి తెలెకుంగ్‌లు వేసుకున్నారు. అంటే తల నుంచి మోకాళ్ల దాకా ఒకటే గుడ్డ, కింద లంగా. ఆఫీసు బట్టల మీదనే తొడుక్కుని, నమాజు కాగానే మడిచి సంచిలో పెట్టుకుంటారు. ఇమాం ‘అల్లాహు అక్బర్’ అన్నప్పుడు అంతమంది బట్టలు ఒకేసారి కదిలిన చప్పుడు ఉంటుంది చూశారూ, ఆ చప్పుడు నేను ఇంటి గోడ అవతల నుంచి మగవాళ్ల వైపు నుంచి మాత్రమే విని ఉన్నాను. రుకూలోకి వంగినప్పుడు నాకు కన్నీళ్లు ఆగలేదు. ఇంతకాలం ఎవరు ఆపారు నన్ను? అల్లాహ్ కాదు.

నమాజులో తేడాలూ కనపడ్డాయి. హనఫీలకు నిలువు నీడ వస్తువుకు రెండింతలయ్యాక అసర్ మొదలవుతుంది, షాఫయీలకు ఒక్కింత అయితే చాలు. ఇక్కడి పట్టిక షాఫయీది, అందుకని మా లెక్కకన్నా దాదాపు గంట ముందు చదువుతారు. రుకూకు ముందూ తర్వాతా వాళ్లు చేతులెత్తుతారు, నేనెత్తను. నేను ఎక్కువ రోజులే ఉండే ఉద్దేశంతో వచ్చాను కాబట్టి మా లెక్కలో ప్రయాణికురాలిని కాను, పూర్తి నమాజే చదవాలి. హనఫీల్లో ఒకచోట పదిహేను రోజులు ఉండాలనుకుంటే ప్రయాణం ముగిసినట్టే, షాఫయీల్లో నాలుగు రోజులకే. ఆ అమ్మాయి వజూ చేసి మెట్రోలో వచ్చింది. కిక్కిరిసిన పెట్టెలో పరాయి మగవాడి చేయి తగిలిందని మళ్లీ వజూ చేసుకుంది. మా మజ్‌హబ్‌లో అంతమాత్రాన వజూ పోదు. “నువ్వు చేస్తున్నది కష్టం” అన్నాను. “కష్టమే మక్‌చిక్. కానీ మీరు పీతలు తినరంట కదా, అది నాకు ఇంకా పెద్ద కష్టం” అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

పీతల సంగతి లావ్ పా సాట్‌లో ఇంకా పెద్ద చర్చ అయింది. 1894 నాటి ఇనప స్తంభాల మీద ఎనిమిది మూలల కప్పు, కింద వంటకాల దుకాణాలు. సాయంత్రమైతే పక్క వీధి బూన్ టాట్ స్ట్రీట్‌ను మూసి సాటే మాంసం పుల్లలకు గుచ్చి కాలుస్తారు. ఆ పొగలో వేరుశనగ పచ్చడి వాసన. హనఫీల్లో నీళ్లలో బతికేవాటిలో చేప ఒక్కటే హలాల్. రొయ్య చేప జాతిలోకి వస్తుందా రాదా అని పండితుల మధ్య వాదన ఉంది. నిజాంపట్నం, బాపట్ల తీరం వాళ్లం మేము, రొయ్య లేకుండా బతకలేం కాబట్టి వస్తుందన్న పక్షానే ఉన్నాం. పీతలు మాత్రం మా ఇళ్లలో వండరు. షాఫయీలకు సముద్రంలోవి దాదాపు అన్నీ హలాల్. చిల్లీ క్రాబ్ ఈ దేశపు పేరున్న వంటకం. అదే బల్ల మీద అదే అల్లాహ్ పేరు తలుచుకుని ఆ అమ్మాయి పీత గోళ్లు విరిచింది, నేను నాసి లెమాక్ తిన్నాను. ఆమె తిన్నది తప్పు కాదు, నేను తిననిదీ తప్పు కాదు. నాలుగు మజ్‌హబ్‌లూ సరైనవే అని చిన్నప్పుడు చదివాను. అది ఎలా ఉంటుందో ఆ బల్ల దగ్గర తెలిసింది.

ఇక్కడి ఆహారశాలల్లో నేను దగ్గరగా చూసింది తిన్న ట్రేలు పెట్టే అరలు. రెండు వేర్వేరు. ఒకటి హలాల్ పాత్రలకు, రెండోది మిగతావాటికి. చైనీస్ వృద్ధుడొకాయన ఏ ట్రే ఎక్కడ పెట్టాలో చూసుకుని మరీ పెట్టాడు. ‘నో పోర్క్, నో లార్డ్’ అని బోర్డు పెట్టిన కొట్లు చాలా ఉన్నాయి. అది హలాల్‌తో సమానం కాదు. మాంసం ఎవరు కోశారు, వంటలో వైన్ పడిందా అన్నవి అందులో తేలవు. ముయిస్ 1978 నుంచి ఇస్తున్న సర్టిఫికెట్ ఉంటేనే కచ్చితం. అయినా ఆ బోర్డు చాలనుకునేవాళ్లూ ఉన్నారు, సర్టిఫికెట్ లేనిదే నీళ్లు కూడా తాగనివాళ్లూ ఉన్నారు. ఒకరినొకరు తీర్పు చెప్పుకోవడం మాత్రం నేను వినలేదు. మన తెలంగాణ పల్లెల్లో జాతరకు కోసే యాటను ముల్లాను పిలిపించి హలాల్ చేయించే హిందూ ఇళ్లు ఎన్నో. దానికి ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు. ఆ నమ్మకం ఇప్పుడు ఎందుకు పలచబడుతోందో ఆలోచిస్తే బాధ కలుగుతుంది.

మావాడికి తిండి కన్నా పెద్ద చిక్కు వడ్డీ. వడ్డీ తీసుకున్నవాణ్నీ, ఇచ్చినవాణ్నీ, దాన్ని రాసినవాణ్నీ, సాక్షి సంతకం పెట్టినవాళ్లనూ ఒకే గాటన కట్టిన హదీసు ముస్లిం సంకలనంలో ఉంది. రాసినవాడు అనే మాట వాడిని వదలదు. వాడు రాసేది ప్రోగ్రాములు. “అప్పుల లెక్కలు కట్టే పని ఇచ్చారు పెద్దమ్మా. ఏడాది చేశాను. నిద్ర పట్టేది కాదు” అన్నాడు. చివరికి అడిగి కార్డు మోసాలను పట్టుకునే విభాగానికి మారాడు. జీతం అదే బ్యాంకు ఇస్తుంది కదా, దాంట్లో వడ్డీ లేదా అని వాడి స్నేహితుడే నిలదీశాడట. బ్యాంకు ఉద్యోగం మొత్తం కూడదన్న పండితులున్నారు, వడ్డీ వ్యవహారంలో నేరుగా చేయి పెట్టకపోతే ఫరవాలేదన్నవాళ్లూ ఉన్నారు. వాడు రెండో మాట పట్టుకున్నాడు. తన ఖాతాలో పడే వడ్డీని వేరుగా తీసి, పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేస్తాడు. మా నాన్న కూడా పోస్టాఫీసు వడ్డీతో అలాగే చేసేవాడు.

వాడి మథనం జరుగుతున్న చోటు చూడండి. 1820లలో ఒక గుట్టను తవ్వి చిత్తడి నేల పూడ్చి కట్టిన కమర్షియల్ స్క్వేర్ ఇది. 1858లో రాఫెల్స్ ప్లేస్ అన్నారు. యూఓబీ ప్లాజాను ఆనుకుని ఉన్న చూలియా స్ట్రీట్ పేరు కోరమాండల్ తీరం నుంచి వచ్చిన తమిళ ముస్లింలది. ఆ పక్క మార్కెట్ స్ట్రీట్‌లో నాట్టుకోట చెట్టియార్లు కిట్టంగులనే కొట్లలో చాపల మీద కూర్చుని వడ్డీ వ్యాపారం చేసేవారు. ఛేంజ్ అల్లీలో డబ్బు మార్చేవాళ్లలో తమిళ ముస్లింలు చాలామంది. డబ్బు మార్పిడికి షరియత్‌లో నియమం కఠినం. రెండు వైపుల సొమ్మూ అక్కడికక్కడే చేతులు మారాలి, ఇవాళ ఇచ్చి రేపు తీసుకుంటానంటే కుదరదు. వాళ్లు తరతరాలుగా చేసింది ఆ రొక్కం బేరమే. ఒకే సందులో ఒకరికి కూడనిది ఇంకొకరి వృత్తి, రెండూ పక్కపక్కనే సాగాయి. 2007లో డీబీఎస్ బ్యాంకు ఇస్లామిక్ బ్యాంక్ ఆఫ్ ఏషియా పెట్టింది. 2015లో మూసేస్తున్నట్టు ప్రకటించింది. వడ్డీ లేని అప్పుల సంఘాల గురించి హైదరాబాద్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడ్డ ముహమ్మద్ హమీదుల్లా ఎంతో ముందే రాశాడు. మన దగ్గర అవి ఉండేవి, వాటిని బలపరచుకోవాల్సింది.

ఆ తర్వాత నేనూ మావాడూ మాట్లాడుకున్నది కిడ్నీల గురించి. ఆ విషయం నన్ను అన్నింటికన్నా ఎక్కువ కదిలించింది. 1973లో ఇక్కడి ఫత్వా కమిటీ అవయవ మార్పిడి కూడదంది. 1986లో మాట మార్చి, మనిషి స్వయంగా ఒప్పుకుని రాసిస్తే కిడ్నీ దానం చేయచ్చంది. 1987లో చేసిన చట్టం, వద్దని రాసివ్వనివాళ్లను దాతలుగా లెక్కిస్తూ, ముస్లింలను మాత్రం దాని నుంచి మినహాయించింది. అంటే ముస్లిం తనంతట తాను ముందుకొచ్చి రాసిస్తేనే దాత. రాసిచ్చినవాళ్లు తక్కువ. కిడ్నీ కోసం ఎదురుచూసే ముస్లిం రోగులు ఎక్కువ. 2007లో కమిటీ మళ్లీ కూర్చుని, ముస్లింలను కూడా ఆ చట్టంలో చేర్చవచ్చని చెప్పింది. 2008 ఆగస్టు నుంచి అమలులోకి వచ్చింది. ఇష్టం లేనివాళ్లు ఇప్పటికీ బయటికి రావచ్చు.

ముప్ఫై అయిదేళ్లలో కూడదన్నది కూడే పని అయింది. గ్రంథం మారలేదు. వైద్యం మారింది, రోగుల అవసరం కళ్లకు కట్టింది, ప్రాణం నిలబెట్టడం షరియత్ లక్ష్యాల్లో ఒకటన్న పాత సూత్రాన్ని పండితులు ముందుకు తెచ్చారు. దీన్ని కొందరు లోకానికి లొంగిపోవడం అంటారు. నాకు అలా అనిపించదు. కరోనా వచ్చినప్పుడు 2020 మార్చి 13న ఇక్కడి మసీదులన్నీ మూసి, ఆ శుక్రవారం జుమానే ఆపేశారు. జుమా ఫర్జ్. ప్రాణం కోసం ఫర్జ్‌నే పక్కన పెట్టారు. దానికీ ఆధారం ఉంది. జోరువాన రోజున ముఅజ్జిన్ చేత ఇళ్లలోనే నమాజు చదువుకొమ్మని ప్రకటింపజేసిన ఇబ్న్ అబ్బాస్ ఉదంతం హదీసుల్లో ఉంది. వానకే ఇంట్లో ఉండమన్న ధర్మం మహమ్మారికి ఉండొద్దంటుందా?

అవయవదానం కోసం మన దగ్గర జీవన్‌దాన్ ఉంది, తెలంగాణలోనూ ఆంధ్రలోనూ. మా చుట్టాల్లో ఒకావిడకు కిడ్నీలు పోయి గుంటూరులో వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోతుంది. అదే ఇంట్లో చిన్నవాడు రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి చనిపోయినప్పుడు ఆసుపత్రివాళ్లు అవయవదానం మాట ఎత్తారు. “మన మతంలో లేదు” అని అందరూ ఒకే గొంతుతో అన్నారు. ఎవరిని అడిగి అన్నారు? ఎవరినీ కాదు. ఇచ్చే కిడ్నీ మన మతంలో లేదు, కానీ ఇంకో ఇంటి నుంచి వస్తే తీసుకునే కిడ్నీ మన మతంలో ఉంటుందా అని అడిగితే ఎవరూ మాట్లాడలేదు. మన దేశంలోనూ దీని మీద పండితుల అభిప్రాయాలు రెండు రకాలుగా ఉన్నాయి, ఒప్పుకోనివాళ్ల వాదనను నేను కొట్టిపారేయను. దేహం మనది కాదు, అల్లాహ్ అప్పగించిన అమానత్, దాన్ని పంచిపెట్టే హక్కు మనకెక్కడిది అని వాళ్లంటారు. అది తేలిక మాట కాదు. కానీ ఆ వాదన తెలిసి వద్దనడం వేరు, ఏ వాదనా తెలియకుండా వద్దనడం వేరు.

తెలోక్ అయర్ వైపు నడుస్తూ ఇదంతా మావాడితో అన్నాను. రాఫెల్స్ ప్లేస్ నుంచి కొంచెం దూరమే. అల్ అబ్రార్ మసీదు, 1828లో మొదలై 1830లో పూర్తయిన నాగూర్ దర్గా, మధ్యలో చైనీస్ గుడి, అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. ఒకప్పుడు సముద్రం ఆ వీధి అంచునే ఉండేది. పడవ దిగినవాడు ముందు తన దైవానికి దండం పెట్టుకుని పనికి పోయేవాడు.

“నేను ఇంటికెళ్లాక జీవన్‌దాన్‌కు రాసిస్తాను. నా కళ్లు, కిడ్నీలు, ఏవి పనికొస్తే అవి” అన్నాను.

వాడు నడక ఆపాడు. “అమ్మ ఒప్పుకోదు పెద్దమ్మా. పెదనాన్న కూడా.”

“పెదనాన్నకు నేను చెప్పుకుంటా. నా పక్కన కూర్చుని ముప్ఫై ఏళ్లు ఖురాన్ చదివాడు, వింటాడు. మీ అమ్మ దగ్గర నా మాట సాగదు. నువ్వు ఒప్పించాలి. కార్డు మీద సంతకం నాదే కానీ, ఆ రోజు ఆసుపత్రిలో డాక్టర్లు అడిగేది మిమ్మల్నే. మీరు వద్దంటే నా సంతకానికి విలువ ఉండదు.”

“జనాజా ఆలస్యమవుతుందని గొడవ చేస్తారు.”

“కొన్ని గంటలు ఆలస్యమవుతుంది. ఇక్కడ ఎలా చేస్తున్నారో ముయిస్ వాళ్ల ఫత్వాలో ఉంటుంది. దాన్ని నాకు తెలుగులో రాసి పంపు. తేలిక తెలుగులో. మీ అమ్మకు, మీ పిన్నికి, మా మసీదు ముతవల్లీకి కూడా అర్థమయ్యేట్టు.”

వాడు సరేనన్నాడు. ఆ రాత్రే కూర్చుని మొదలుపెట్టాడు. ‘బ్రెయిన్ డెత్’ను తెలుగులో ఎలా చెప్పాలో తేల్చుకోలేక, గుంటూరులో డాక్టరుగా ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశాడు.